గోవాలో ‘గోల్’కొండ

ఎనభై ఎనిమిదో నిమిషం. ఇంకో రెండు నిమిషాలు, ఆపైన రిఫరీ కలిపే నాలుగైదు నిమిషాలు... అంతే. కప్పు కేరళకు వెళ్లిపోతుంది. గోవాలోని ఫటోర్డా స్టేడియం నిండా పసుపు జెండాలు, డప్పులు, ఈలలు. ఆ హోరులో మనవాళ్లకు పక్కవాడి కేక కూడా వినిపించి ఉండదు. సరిగ్గా అప్పుడు పెనాల్టీ బాక్సు బయటికి ఎగిరివచ్చిన బంతిని నేలమీద పడనివ్వకుండానే లాగిపెట్టి కొట్టాడు సాహిల్ తవోరా. మధ్యలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కుర్రాడు. బంతి వెళ్లి నెట్‌లో పడింది. 1-1!

అదనంగా ఇచ్చిన అరగంటలో ఎవరికీ గోల్ రాలేదు. ఇక పెనాల్టీ షూటవుట్. కేరళ బ్లాస్టర్స్ కొట్టిన నాలుగు కిక్కుల్లో మూడింటిని ఆపేశాడు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. స్కోరు 3-1. అలా 2022 మార్చి 20, ఆదివారం రాత్రి... హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. ఆరు కోట్ల రూపాయల బహుమతి అందుకుంది.

ఇప్పుడు నిజం చెప్పండి. ఈ సంగతి మీ ఇంట్లో ఎంతమందికి గుర్తుంది?

తప్పేం లేదులెండి. ఆ వారం మనకు గుర్తుండిపోయినవి వేరే. ఆ శుక్రవారమే ‘ఆర్ఆర్ఆర్’ విడుదల. ఆ మర్నాడే ఐపీఎల్ మొదలు. బెనిఫిట్ షో టికెట్ కోసం బావమరిదికి ఫోన్లు చేసుకుంటున్న ఊళ్లో, మన ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఏదో ఛాంపియన్ అయిందట అన్న కబురు ఎవరి చెవిన పడుతుంది? పడినా ఎంతసేపు నిలుస్తుంది?

అయితే, నిలుపుకున్నవాళ్లు కొందరున్నారు. ఈవారం కబుర్లు వాళ్లవే.

చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఒక ఫైలు

బంజారాహిల్స్ నుంచి పంజాగుట్టకు దిగే సందుల్లో ఈమధ్య టర్ఫ్‌లు బాగా వెలిశాయి. ఖాళీ స్థలం కనిపిస్తే చాలు... ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ వల కట్టి, నాలుగు ఫ్లడ్‌లైట్లు పెట్టి గంటకింత అని అద్దెకిస్తున్నారు. ఆఫీసులు వదిలాక రాత్రి పదింటికి మొదలవుతుంది అక్కడ ఆట. అది ముగిశాక ఇరానీ హోటల్లో చాయ్. చాయ్ దగ్గర రెండో ఆట. అది ఒట్టి మాటలతో ఆడేది కాబట్టి ఎప్పటికీ తెమలదు!

నేను కలిసింది అలాంటి బల్ల ఒకదాన్ని. ఒకాయన బ్యాంకు ఉద్యోగి. ఒకాయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఒకాయన అమీర్‌పేటలో జావా పాఠాలు చెబుతాడు. ఆయన వెంట ఇంటర్ చదివే పెదనాన్న కొడుకు. వీళ్లందరికీ పెద్దదిక్కుగా డెబ్భై దాటిన ఓ చాచా. ఆయన ఆట ఆడడు, ఆడేవాళ్ల చెప్పులకు కాపలా కూర్చుంటాడు. ఫైనల్ మాట ఎత్తగానే బ్యాంకు ఉద్యోగి సంచీలోంచి ఓ ప్లాస్టిక్ ఫైలు తీశాడు. లోపల పేపర్ ముక్కలు. అన్నీ 2022 మార్చి 21 నాటివే.

‘‘పొద్దుగాల ఐదింటికే అమీర్‌పేట పోయిన సార్. రాత్రంతా నిద్ర లేదు. కట్టలిప్పుతుంటెనే నిలబడ్డ. తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ... దొరికినయన్నీ కొన్న. పేపరాయన ఏమన్నా జాబ్ రిజల్ట్ వచ్చిందా అని అడిగిండు’’ అని నవ్వాడు.

‘‘మా పేర్లు మాత్రం రాయకండి’’ అన్నాడు రిప్రజెంటేటివ్. ‘‘ఆ సోమవారం నేను ఆఫీసుల జ్వరమని చెప్పిన.’’

మరి ఆ ఫైలు చూసి మురిసిపోవాలి కదా? అదేం లేదు. అది తెరిస్తే చాలు, తగువు మొదలు. ఫలానా పేపరు ఎన్ని కాలాలిచ్చింది, ఫలానా పేపరు ఫొటో ఎంత వేసింది, ఫలానా దాంట్లో తవోరా పేరు తప్పు పడింది... నాలుగేళ్లు దాటినా కొలతలు నోటికే ఉన్నాయి. వాళ్ల అసలు బాధ మాత్రం కొలతల గురించి కాదు. జావా మాస్టారు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు.

‘‘హైదరాబాద్ గెలిచిందని రాయలే సార్. కేరళ మళ్లా ఓడిపోయిందని రాసిన్రు.’’

అందులో కొంత న్యాయం ఉంది. కేరళ బ్లాస్టర్స్‌కు అది మూడో ఫైనల్. 2014లో ఓడారు, 2016లో ఓడారు, 2022లోనూ ఓడారు. దేశంలోనే పెద్ద అభిమాన సైన్యం ఉన్న క్లబ్బుల్లో అదొకటి. అంతమంది ఒకేసారి కన్నీళ్లు పెట్టుకుంటే కెమెరాలు అటే తిరుగుతాయి. కేరళలో ఫుట్‌బాల్ పిచ్చి ఎంతంటే, ఆ ఏడాదే ప్రపంచకప్ వచ్చినప్పుడు కోజికోడ్ దగ్గర ఏకంగా ఏట్లోనే మెస్సీ, నేమార్, రొనాల్డోల కటౌట్లు నిలబెట్టారు. ఫిఫా సైతం ఆ ఫొటో పంచుకుంది. కటౌట్లు కట్టడం మనకు తెలియని విద్యా ఏంటి! కాకపోతే మన కటౌట్లు థియేటర్ల ముందుంటాయి.

ఆ రాత్రి స్టేడియంలో ఇంకో తమాషా కూడా జరిగింది. రెండు జట్ల రంగూ పసుపే. లీగ్ దశలో హైదరాబాద్ పైస్థానంలో నిలిచింది కాబట్టి పసుపు వేసుకునే హక్కు మనకు దక్కింది. కేరళవాళ్లు నలుపు వేసుకోవాల్సి వచ్చింది. అంటే ప్రేక్షకుల్లో పసుపంతా వాళ్లది, మైదానంలో పసుపు మనది! అంత దూరం పసుపు చొక్కాలు వేసుకుని వచ్చినవాళ్లకు అదెంత మంటో ఊహించుకోవచ్చు. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండే మలయాళీ కుర్రాళ్లు ఇప్పటికీ ‘కప్పు సంగతి తర్వాత, ముందు మా రంగు ఇచ్చేయండి’ అంటారట.

రాత్రి పదింటి కష్టం

పత్రికల పక్షాన నేనూ రెండు మాటలు చెప్పాను. చెప్పకపోతే ఎలా?

మ్యాచ్ మొదలైంది రాత్రి ఏడున్నరకు. తొంభై నిమిషాలు, మధ్యలో విరామం, ఆపైన అరగంట, ఆపైన షూటవుట్. తేలేసరికి పది దాటింది. దూరపు జిల్లాలకు వెళ్లే పత్రికల పేజీలు అప్పటికే ప్రింటింగ్ దారి పడుతుంటాయి. ఆటల డెస్కులో ఉన్న సబ్ ఎడిటర్ రెండు వార్తలు రాసిపెట్టుకుంటాడు... గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. 68వ నిమిషంలో కె.పి. రాహుల్ గోల్ కొట్టి కేరళను ముందుకు తీసుకెళ్లాక, ఎనభై ఎనిమిదో నిమిషం వరకూ ఏది పేజీ ఎక్కడానికి సిద్ధంగా ఉంటుందో మీరే చెప్పండి. తవోరా ఆ బంతిని కొట్టింది కేరళ గోల్‌పోస్టులోకే కాదు, ఎన్నో న్యూస్ డెస్కుల మీదికి కూడా.

రెండో సంగతి. వార్త రాయాలంటే చూసినవాడు ఉండాలి. కరోనా పుణ్యమా అని రెండు సీజన్లు లీగ్ మొత్తాన్నీ గోవాలోనే నడిపారు. ఆటగాళ్లంతా బయో బబుల్‌లో. ఫైనల్‌కు ముందు దాకా ఖాళీ కుర్చీల మధ్యే ఆట. హైదరాబాద్ విలేకరికి ఆటగాడు ఎదురుపడిందే లేదు. ప్రాక్టీసు దగ్గర నిలబడి ముచ్చట పెట్టింది లేదు. ఎవరు ఏ బిర్యానీ ఇష్టపడతాడో కూడా తెలియదు. ఇక కథలెక్కడి నుంచి వస్తాయి?

మూడోది చెబితే బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తెలుగు పత్రికకు ఊరు కావాలి. ఇల్లు కావాలి. పతకం గెలిచిన పిల్లకు అమ్మ మిఠాయి తినిపిస్తున్న ఫొటో కావాలి. అదే ఏడాది మే నెలలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. ఆమె ఇల్లు, వీధి, నాన్న పడ్డ కష్టం... అన్నీ మనకు తెలిశాయి. 2016లో సింధు రియో నుంచి రజతంతో వస్తే ఎయిర్‌పోర్టు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా టాప్ లేని బస్సులో ఊరేగించి తెచ్చుకున్నాం. మరి ఆ రాత్రి ఫటోర్డాలో మన తరఫున బరిలోకి దిగిన పదకొండు మందిలో తెలుగువాడు ఒక్కడూ లేడు. పద్దెనిమిది గోల్స్‌తో ఆ సీజన్ టాప్ స్కోరర్ అయిన ఒగ్బెచే నైజీరియా వాడు. కోచ్ మనోలో మార్కెజ్ స్పెయిన్ దేశస్థుడు. తవోరాది గోవా. కట్టిమణిదీ గోవాయే. ఎవరి ఇంటి ముందు టపాకాయలు కాల్చాలి?

‘‘సార్, అట్లయితే ఐపీఎల్ల మనోళ్లెంతమంది ఉన్నరు?’’ అన్నాడు ఇంటర్ కుర్రాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాసి పంపండి.

మంచి కథ ఒకటి జారిపోయింది

వాళ్ల ఫైలంతా తిరగేశాక నాకు అనిపించింది వేరే. కాలాలు తగ్గితే తగ్గనీ. అసలు లోటు కథల్లో ఉంది. ఆ ఫైనల్లో సినిమావాళ్లకు ఉచితంగా ఇవ్వదగ్గ కథ ఒకటుంది. కట్టిమణిది.

2015 డిసెంబరు. ఇదే ఫటోర్డా స్టేడియం. ఇదే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. అప్పుడు కట్టిమణి సొంత రాష్ట్రం జట్టు ఎఫ్‌సీ గోవా గోల్‌కీపర్. ప్రత్యర్థి చెన్నైయిన్. ఎనభై ఏడో నిమిషంలో గోవా 2-1తో ముందుకొచ్చింది. స్టేడియంలో అప్పటికే పండగ. తొంభయ్యో నిమిషంలో బంతి కట్టిమణిని తాకి సొంత గోల్‌లోకే వెళ్లింది. 2-2. ఆ దెబ్బ నుంచి తేరుకునేలోపే చెన్నైయిన్ ఇంకొకటి కొట్టి కప్పు పట్టుకుపోయింది. సొంతవాళ్ల ముందు, సొంత మైదానంలో, సొంత గోల్. అంతకన్నా బరువైన రాత్రి ఓ గోల్‌కీపర్‌కు ఏముంటుంది?

ఆరేళ్లు గడిచాయి. మళ్లీ అదే మైదానం, మళ్లీ ఫైనల్. ఈసారి వేరే ఊరి చొక్కా వేసుకుని, స్టేడియమంతా తనకు వ్యతిరేకంగా అరుస్తుంటే మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి టీవీ ముందున్న హైదరాబాదీల్లో ఎంతమందికి ఈ వెనక కథ తెలుసు? మందుల కంపెనీ కుర్రాడికి తెలుసు. వాళ్లావిడకు చెప్పాడట. ఫుట్‌బాల్ అంటే ఆమడ దూరం పారిపోయే ఆవిడ మూడో పెనాల్టీ ఆపగానే మంచం మీద నిలబడి అరిచిందట. ‘‘కథ చెప్తే అందరు చూస్తరు సార్. కథ చెప్పకుంట స్కోర్ చెప్తే ఎవరు చూస్తరు?’’ అన్నాడతను. జర్నలిజం డిప్లొమాలో మాకు ఏడాదంతా నేర్పింది కూడా దాదాపు ఇదే.

మెల్‌బోర్న్‌లో అయితే...

గెలిచిన జట్టును పత్రికలు ఎలా తలకెత్తుకుంటాయో చూడాలంటే మెల్‌బోర్న్ వెళ్లాలట. ఆ మాట జావా మాస్టారిది. ఆయన అక్కా బావా ఆ ఊరికి పడమటి పక్కన టార్నీట్‌లో ఉంటారు. ఆ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు బోలెడు. మేనల్లుడు పుట్టింది అక్కడే. వాడికి క్రికెట్ రెండోది. మొదటిది ఫుటీ.

ఫుటీ అంటే మన ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో బంతి, కోడిగుడ్డు ఆకారంలోనే మైదానం. ఒక్కో జట్టుకు పద్దెనిమిది మంది. చేత్తో పట్టుకోవచ్చు, పరిగెత్తొచ్చు, పిడికిలితో గుద్ది అందించొచ్చు, కాలితో తన్నొచ్చు. రెండు చివరలా నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, పక్కవాటి మధ్య నుంచి వెళ్తే ఒకటి. సెప్టెంబరు వస్తే ‘ఫైనల్స్’ పేరుతో వారం వారం పోటీలు. చివరిది గ్రాండ్ ఫైనల్. దానికి ముందురోజు శుక్రవారం విక్టోరియా రాష్ట్రమంతటా సెలవు! ఊళ్లో ఊరేగింపు కూడా.

అక్కావాళ్లుండే పడమటి పేటల జట్టు పేరు వెస్టర్న్ బుల్‌డాగ్స్. పాత పేరు ఫుట్‌స్క్రే. పనివాళ్ల పేట. 1954లో ఒక్కసారి కప్పు గెలిచింది. సరిగ్గా ఆ ఏడాదే మెల్‌బోర్న్ ‘హెరాల్డ్’ పత్రిక కార్టూనిస్టు విలియం ఎల్లిస్ గ్రీన్ గెలిచిన జట్టు మీద ఓ పోస్టరు గీశాడు. ‘వెగ్’ అంటే అక్కడ అందరికీ తెలుసు. జనం దాన్ని ఎగబడి కొన్నారు. ఇక ఏటా అదే ఆనవాయితీ. గెలిచిన జట్టు పోస్టరు చేతికొస్తే గానీ అక్కడివాళ్లకు గెలిచినట్టు అనిపించదు. వాటిని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటారు, మనం పెళ్లి ఫొటో పెట్టుకున్నట్టు. కానీ పాపం, మొదటి పోస్టరు అందుకున్న ఫుట్‌స్క్రేకు రెండోది అందడానికి 62 ఏళ్లు పట్టింది. 2016లో సిడ్నీ స్వాన్స్ మీద 22 పాయింట్ల తేడాతో గెలిచారు. చూసినవాళ్లు 99,981 మంది.

ఆ గెలుపులో ఓ ముచ్చట ఉంది. కెప్టెన్ బాబ్ మర్ఫీ మోకాలి గాయంతో ఆ ఏడాది చాలావరకు ఆటకు దూరమయ్యాడు. ఫైనల్ ఆడలేదు. కప్పు అందుకునే వేళ కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ అతణ్ని వేదిక మీదికి పిలిచి, తన మెడలోని పతకం తీసి అతని మెడలో వేశాడు. ‘‘ఆ రోజు ఎవరెన్ని పాయింట్లు కొట్టిన్రో మా మేనల్లుడికి యాదికి లేదు. ఈ పతకం ముచ్చట మాత్రం పది సార్లు చెప్పిండు’’ అన్నాడు జావా మాస్టారు. ఆ పిల్లాడి వయసు అప్పటికి ఆరేళ్లు. ఎవరో పదే పదే చెబితేనే కదా వాడి నోటికొచ్చింది.

మెల్‌బోర్న్ పేరు వినపడగానే అప్పటిదాకా చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్న చాచా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

‘‘అక్కడ మనోళ్లు ఏం చేసిన్రో ఎరుకేనా?’’

ఎరుకే చాచా. కానీ మీ నోట వినాలి.

రహీం సాబ్ పిల్లలు

1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లోనే జరిగాయి. ఫుటీని ఆ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఆడి ప్రపంచానికి చూపించారు కూడా. అసలు ఫుట్‌బాల్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాకు ఎదురుపడింది భారత్. 4-2తో మనవాళ్లే గెలిచారు. బొంబాయి కుర్రాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో అలా కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతనే. ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టూ మనదే. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచాం. పోతూ పోతూ సిడ్నీలో ఆస్ట్రేలియాతో ఇంకో మ్యాచ్ ఆడితే స్కోరు ఎంతో తెలుసా? 7-1. ఆస్ట్రేలియావాళ్లు మర్చిపోదామన్నా మర్చిపోలేని ఓటమి.

ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాద్ వాడు. బడిపంతులు. ఆయన వెంట వెళ్లిన జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం... అందరూ ఈ జంటనగరాల మట్టిలో ఆడి పెరిగినవాళ్లే. రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎత్తుకొచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌నే ఓడించింది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58 సీజన్లలో వరసగా రెండుసార్లు హైదరాబాద్‌దే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించి, మర్నాటి ఏడాదే క్యాన్సర్‌తో కన్నుమూశారు రహీం సాబ్.

చాచా చిన్నప్పుడు ఫతే మైదాన్‌లో ఆంధ్రా పోలీస్ మ్యాచ్‌లు చూశాడు. ఇప్పటి ఎల్బీ స్టేడియమే అది. ‘‘టికెట్ పైసల్లేక గోడెక్కి చూసేది. పోలీసోళ్లు కొట్టి దింపేటోళ్లు. లోపట ఆడేటోళ్లు గుడ పోలీసోళ్లే!’’ అని ఆయన నవ్వితే బల్లంతా నవ్వింది. ఆ నవ్వు కాస్త తగ్గాక అడిగాడాయన. ‘‘బలరాం పోయినప్పుడు మీ పేపర్ల ఎంత ఏసిన్రు?’’

అమ్ముగూడ కుర్రాడు బలరాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు. కలకత్తాకు ఆడబోయి ఆ పక్కనే స్థిరపడిపోయాడు. 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. చాచా అడిగింది వార్త గురించి కాదని నాకు అర్థమైంది. పుట్టిన ఊరికి ఆ కబురు చేరిందా అనే. రహీం కథ ఊళ్లో చాలామందికి తెలిసింది 2024లో అజయ్ దేవగణ్ హిందీలో ‘మైదాన్’ చేశాకే. మన రహీం సాబ్‌ను బొంబాయివాళ్లు మనకు పరిచయం చేయాల్సి వచ్చింది. ఈ మాట అనడానికి నాకు మొహమాటమేం లేదు.

పుట్టుక చూశారు, పెళ్లి చూడలేదు

అందుకే ఈ కుర్రాళ్ల ఫైలు నాకు చాదస్తంగా అనిపించలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, పుణె జట్టు స్థానంలో. నటుడు రానా దగ్గుబాటి సహ యజమానుల్లో ఒకడు. ఆ ఏడాది నవంబరు 2న గచ్చిబౌలిలో సొంతగడ్డ మీద తొలి మ్యాచ్. ఎదురుగా ఎవరో తెలుసా? ఆ కేరళ బ్లాస్టర్సే! 2-1తో గెలిచి మురిపించింది. కానీ ఆ మురిపెం అంతే. పద్దెనిమిది మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున తేలింది. ఆ రోజుల్లో ఖాళీ స్టాండ్లలో డప్పు కొట్టినవాళ్లలో ఈ బల్లవాళ్లూ ఉన్నారు. డెక్కన్ లీజియన్ పేరుతో ఓ అభిమాన దండు కూడా ఉండేది. తర్వాత కరోనా వచ్చింది. జట్టు గోవా వెళ్లిపోయింది. మనోలో మార్కెజ్ చేతిలో పడి ఒక ఏడాది ఐదో స్థానం, మరుసటి ఏడాది రెండో స్థానం, ఆ వెంటనే కప్పు! అంతా గోవాలోనే. మళ్లీ సొంతగడ్డ మీద ఆడింది 2022 అక్టోబరులో.

‘‘పుట్టినప్పుడు దగ్గరుండి చూసినం. పెండ్లి మాత్రం టీవీల చూసినం’’ అన్నాడు బ్యాంకు ఉద్యోగి.

ఆ తర్వాతి సంగతి వాళ్లు త్వర త్వరగా చెప్పేశారు, నేనూ అంతే త్వరగా రాసేస్తాను. 2022-23లో మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీదే ఓటమి. మరుసటి సీజన్‌కు డబ్బుల కటకట. జీతాల బకాయిలు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. కెప్టెన్ జావో విక్టర్ ఒక్కడు చివరిదాకా నిలబడ్డాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే గెలుపు. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అయింది.

జీతాలు ఆగినప్పుడు మాత్రం వార్తలు బాగా వచ్చాయట. ‘‘గెలిచిన్నాడు లోపటి పేజీ. జీతం రానినాడు పెద్ద హెడ్డింగు’’ అని రిప్రజెంటేటివ్ ఫైలు మూసేశాడు. పత్రికల పనే అది అన్నాను. జీతాలు ఎగ్గొడితే రాయకుండా ఎలా ఉంటాం? రాసి తీరాలి. అయితే అతని లెక్క కూడా తప్పని చెప్పలేను.

ఈ ఊరికి ఫుట్‌బాల్ లేకుండా పోయిందా అంటే అదీ కాదు. శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచింది. నిజామాబాద్ అమ్మాయి గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకూ వెళ్లింది. బార్కస్‌లో సాయంత్రమైతే ఇప్పటికీ దుమ్ము లేస్తూనే ఉంటుంది. సౌమ్య పేరు చెప్పగానే ఇంటర్ కుర్రాడు, ‘‘ఆమె మీద ఒక ఫుల్ పేజీ రాయండి సార్’’ అన్నాడు. ఈ మాట మా ఎడిటర్‌గారు చదువుతారనే ఇక్కడ రాస్తున్నాను.

లేవబోతుంటే బల్ల దగ్గర ఓ ఆట మొదలైంది. వాళ్లకు అలవాటేనట. ఆ సోమవారం పేపర్లో మన చేతికే హెడ్డింగు పెట్టే పనిస్తే ఏం పెడతాం? ‘కట్టి పడేసిన మణి’ అన్నాడు బ్యాంకు ఉద్యోగి. ‘గోవాలో ‘గోల్’కొండ’ అన్నాడు జావా మాస్టారు. దాన్ని నేను ఎత్తుకొచ్చి పైన పెట్టుకున్నానని మీరీపాటికి గ్రహించే ఉంటారు. చాచా ఉర్దూలో ఏదో అందంగా అన్నాడు గానీ అది తెలుగులో పడదు. ఇంటర్ కుర్రాడు మాత్రం కాసేపు ఆలోచించి, ‘హైదరాబాద్ గెలిచింది’ అన్నాడు.

‘‘గిదేం హెడ్డింగురా?’’ అని అందరూ వాడి మీద పడ్డారు. ‘‘సార్, మీ ఆఫీసుల పాసయితదా ఇది?’’

రెండే మాటలు. తొమ్మిది అక్షరాలు. ఎనిమిది కాలాల బ్యానర్‌గా పరిస్తే ఒక్కో అక్షరం రెండు వేళ్ల వెడల్పున వస్తుంది. పాసవుతుందనే చెప్పాను.